పొలిమేర దాటని ఊరు

పిల్లలు విదేశాల్లో ఉంటే చూడటానికి వెళ్ళే తల్లులందరికీ ఈ సంగతి తెలుసు. మొదటి మూడు రోజులు ముద్దూ మురిపెం. నాలుగో రోజు నుంచి వాళ్ళు కాలేజీకి, మనం కిటికీ దగ్గరికి. మా అమ్మాయి ఇంగ్లండులో షెఫీల్డ్‌లో చదువుకుంటోంది. క్రిందటేడు జూన్‌లో నేనూ మావారూ దాని దగ్గర మూడు వారాలు ఉండి వచ్చాం. తెచ్చిన పచ్చళ్ళు సీసాల్లోకి సర్దేశాను, కందిపొడి, కారప్పొడి కొట్టిపెట్టాను, దాని గది మూడుసార్లు దులిపాను. ఇక నాకు పని లేకపోయింది.

"లండన్ వెళ్ళి కోటలూ మ్యూజియాలూ చూసి రండమ్మా" అంది.

"కోటలు మనకీ ఉన్నాయిలే. ఇక్కడి పల్లెటూరు ఎలా ఉంటుందో చూడాలని ఉంది" అన్నారు మావారు. ఆయన తెనాలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. హైదరాబాదులో పాతికేళ్ళున్నా, వాన పడితే ముందు ఊళ్ళో పడిందో లేదో అడుగుతారు.

"అయితే ఈమ్ వెళ్ళి రండి, బస్సెక్కితే గంటలోపే. చుట్టూ నడవడానికి దారులు బావుంటాయి" అంది అమ్మాయి. బోర్డు మీద అక్షరాలు చూసి నేను 'ఇయామ్' అని చదివితే పకపకా నవ్వింది. రాసేది ఎలా ఉన్నా పలికేది ఈమ్ అనేట.

అది ప్లేగు ఊరని మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే మావారిని అక్కడికి తీసుకెళ్ళేదాన్ని కాదేమో. ఎందుకో తర్వాత చెప్తాను.

ఈమ్ డెర్బీషైర్‌లో కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కుగా 1951లో ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్ లోపల ఉంది. జాతీయ పార్కు అనగానే నేను పులులూ జింకలూ ఉన్న అడవి అనుకున్నాను. కాదు, ఊళ్ళూ, పొలాలూ, గొర్రెల మందలూ అన్నీ అందులోనే. చేల మధ్య రాతి గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయారు. మావారు ఒక గోడ దగ్గర ఆగి చేత్తో నొక్కి చూశారు. కదల్లేదు.

ఊళ్ళో ఉన్నది ఒకటే పెద్ద వీధి. బూడిదరంగు రాతి ఇళ్ళు, గుమ్మాల ముందు గులాబీలు. చర్చి పక్కనే వరసగా నాలుగైదు పాత ఇళ్ళున్నాయి. ప్రతి ఇంటి ముందూ ఒక పలక, దాని మీద పేర్లు. ఇంటి యజమానుల పేర్లేమో అనుకుని దగ్గరికెళ్ళి చదివాను. అవి ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు. లోపల కర్టెన్లు, కిటికీలో పూలకుండీ, ఎవరో కాపురం ఉంటున్నారు. గుమ్మం బయట మూడున్నర శతాబ్దాల నాటి చావుల పట్టిక. ఎంత మనసు గట్టివాళ్ళో అనిపించింది.

అక్కడి మ్యూజియంలో చూసిందీ, ఇంటికొచ్చాక చదివిందీ కలిపి చెప్తాను.

1665లో లండన్‌లో మహా ప్లేగు వచ్చింది. ఆ ఏడు ఆగస్టు చివర లండన్ నుంచి ఈమ్‌లోని అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీకి బట్టల మూట వచ్చింది. ఆ గుడ్డలు చెమ్మగా ఉన్నాయని అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ వాటిని పొయ్యి దగ్గర ఆరేశాడని చెబుతారు. బట్టల్లో ప్లేగు క్రిములు మోసే గోమార్లున్నాయి. వారం తిరిగేసరికి వికర్స్ పోయాడు. సెప్టెంబరు 7న పాతిపెట్టారు. తర్వాత ఇంటి ఇల్లాలు మేరీకి మొదటి భర్త వల్ల కలిగిన ఇద్దరు కొడుకులూ పోయారు. తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు.

గోమారు ద్వారా ప్లేగు వస్తుందని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. ఆ సంగతి 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. అప్పుడు మన దేశంలో బొంబాయి నుంచి ప్లేగు పాకుతోంది. 1665లో ఈమ్ వాళ్ళకి తెలిసిందల్లా చెడుగాలి, దేవుడి కోపం, ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయం.

చలికాలంలో చావులు తగ్గాయి. హమ్మయ్య, పోయిందనుకున్నారు. 1666 వేసవి మొదలవగానే మళ్ళీ లేచింది. అప్పుడు ఊరి చర్చి గురువు విలియం మాంపెసన్. వయసు 28. భార్య కేథరిన్, ఇద్దరు చిన్నపిల్లలు. ఊరికి కొత్త, జనం పెద్దగా నమ్మలేదు. అంతకు ముందు గురువుగా ఉన్న థామస్ స్టాన్లీని, ప్రభుత్వం పెట్టిన కొత్త ప్రార్థన పద్ధతికి ఒప్పుకోలేదని తీసేశారు. ఊరివాళ్ళకి స్టాన్లీ అంటేనే గురి. ఇద్దరికీ పొసగదు. అయినా ఆ జూన్‌లో ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఊరిని ఒప్పించారు.

నిర్ణయాలు మూడు. చర్చి మూసేసి, కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట ఎడంగా నిలబడి ప్రార్థన చేసుకోవాలి. చనిపోయినవాళ్ళని శ్మశానానికి తీసుకెళ్ళకుండా ఎవరి చేలో, ఎవరి పెరట్లో వాళ్ళే పాతిపెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్దది మూడోది. ఊరి నుంచి ఎవరూ బయటికి పోకూడదు. చచ్చినా బతికినా జబ్బుని పొలిమేర దాటనివ్వకూడదు.

దగ్గరలోని ఛాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు తిండి పంపించాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సరుకులు తెచ్చి పొలిమేర రాళ్ళ దగ్గరా, ఊరి పైన ఉన్న ఊటబావి దగ్గరా పెట్టి వెళ్ళేవారు. వీళ్ళు డబ్బుని వెనిగర్‌లో ముంచి అక్కడ పెట్టేవారు. మనం 2020లో పాల ప్యాకెట్లని సబ్బునీళ్ళతో కడిగాం చూడండి, అచ్చం అలాగే.

1666 నవంబరు 1న ఆఖరి చావు. పద్నాలుగు నెలల్లో 260 మంది. ఊరి జనాభా 350 అని పాత పుస్తకాలు రాశాయి, 700 పైనే అని ఇప్పటివాళ్ళు రికార్డులు చూసి అంటున్నారు. ఏ లెక్కన చూసినా, అంతమంది పోని ఇల్లెక్కడుంటుంది చెప్పండి.

ఈ కథ ఎక్కడ చదివినా ఇద్దరు గురువుల పేర్లు ముందు వస్తాయి. రావాల్సిందే. కానీ చర్చి పక్క ఇళ్ళ ముందు నిలబడి పేర్లు చదువుతుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. ఊరు దాటకూడదని సభలో చెప్పడం ఒక ఎత్తు. చెప్పిన మర్నాడు పొద్దున్న ఇంట్లో జ్వరం పడ్డ పిల్లాడి పక్కన కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోది చేసినవాళ్ళ కోసం వెతికాను.

కేథరిన్ మాంపెసన్ కనిపించింది. పిల్లల్ని ముందే యార్క్‌షైర్‌లోని బంధువుల దగ్గరికి పంపేశారు. మనమూ పోదామని ఆవిడ భర్తని బతిమాలిందట. ఆయన నువ్వు వెళ్ళు, నేను రాను అన్నాడు. ఆవిడా ఉండిపోయింది. రోగుల ఇళ్ళకి భర్తతో పాటు తిరిగింది. ఒక సాయంత్రం ఇద్దరూ చేల గట్ల మీద నడుస్తుంటే "గాలి ఎంత తియ్యగా ఉందో" అందని చెప్పుకుంటారు. ముక్కుకి తియ్యటి వాసన తగలడం ప్లేగు గుర్తని అప్పటి నమ్మకం. ఆ మాట వినగానే ఆయనకి గుండె జారిపోయిందట. 1666 ఆగస్టు 25న పోయింది. ఆవిడ సమాధి చర్చి ఆవరణలో, ఎనిమిదో శతాబ్దం నాటి రాతి శిలువకి దగ్గర్లోనే ఉంది.

ఎమ్మట్ సిడల్ అని పెళ్ళి కుదిరిన పిల్ల. పెళ్ళికొడుకు రోలండ్‌ది పక్క ఊరు స్టోనీ మిడిల్టన్. ఇద్దరూ లోయకి అటొకరూ ఇటొకరూ నిలబడి చూసుకునేవారట. మాటల్లేవు. ఏప్రిల్ తర్వాత ఆ పిల్ల రాలేదు. దారులు తెరిచాక అతను ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి విన్నాడని కథ. ఇందులో నన్ను ఆపిన విషయం తేదీ. ఊరు కట్టడి జూన్‌లో. ఎమ్మట్ పోయింది ఏప్రిల్‌లో. అంటే ఏ గురువూ ఏ సభా చెప్పకముందే ఆ ఇద్దరూ ఎడంగా నిలబడ్డారన్నమాట.

ఇక ఎలిజబెత్ హాన్‌కాక్. ఆవిడ కోసం ఊరి బయటికి నడవాలి.

ఊరికి తూర్పున కిలోమీటరు దూరంలో రైలీ సమాధులు అని ఉన్నాయి. దారిలో ఒక చేను అడ్డం వచ్చింది. గేటు మూసి ఉంది, లోపల గొర్రెలు మేస్తున్నాయి. మావారు ఆగిపోయారు. "ఎవరి చేలోనో పడి వెళ్తే ఊరుకుంటారా?" అని. రైతుబిడ్డ కదా, చేనంటే ఎంత పట్టింపో. గేటు పక్కన కర్ర మీద బాణం గుర్తు, కింద పబ్లిక్ ఫుట్‌పాత్ అని ఉంది. అమ్మాయికి ఫోన్ చేస్తే, "వెళ్ళండి నాన్నా, అది దారే. గేటు మాత్రం మళ్ళీ వేసెయ్యండి" అంది.

ఇంగ్లండులో ఇదో వింత. చేను ఆసామిదే, దాని మీద నడిచే దారి అందరిదీ. తరతరాలుగా జనం చర్చికి, సంతకి, పనికి నడిచిన దారుల మీద హక్కు పోదు. 1949లో చట్టం చేసి అలాంటి దారులన్నీ మ్యాపుల్లోకి ఎక్కించమన్నారు. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇప్పుడు 2 లక్షల కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. అదేమీ ఊరికే రాలేదు. ఇదే పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీద జమీందార్లు పక్షుల వేటకని జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువమంది ఫ్యాక్టరీ పనివాళ్ళు, కావాలనే ఆ కొండ ఎక్కారు. అయిదుగురు జైలుకెళ్ళారు. అలాంటి పోరాటాల తర్వాతే ఈ చట్టాలు వచ్చాయి. నడిచే హక్కు కోసం జైలుకెళ్ళినవాళ్ళూ, నడవకుండా ఉండటం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళూ ఒకే జిల్లాలో ఉండటం చూస్తే ఏమనాలో తెలియలేదు.

రైలీ సమాధులు గొర్రెల మేత మధ్యలో ఉన్నాయి. గుండ్రంగా చిన్న రాతి గోడ, లోపల ఏడు సమాధి రాళ్ళు. ఎలిజబెత్ భర్త జాన్, ఆరుగురు పిల్లలు. 1666 ఆగస్టు 3 నుంచి 10 వరకూ, ఎనిమిది రోజుల్లో ఏడుగురు. ఎవరి వాళ్ళని వాళ్ళే పాతిపెట్టుకోవాలని కదా కట్టడి. సాయానికి వచ్చేవాళ్ళు లేరు. ఒక్కర్తే గొయ్యి తవ్వి, ఒక్కర్తే ఈడ్చుకెళ్ళి పాతిపెట్టింది. ముట్టుకోకుండా కాళ్ళకి గుడ్డ కట్టి లాగిందని చెబుతారు. కొండ కింది స్టోనీ మిడిల్టన్ వాళ్ళు దూరం నుంచి చూస్తూ నిలబడ్డారట. రాలేరు. ఈవిడా పోలేదు.

తర్వాత ఆవిడ షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటున్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందట. మిగిలింది అతనొక్కడే. మా అమ్మాయి ఉండే షెఫీల్డే. ఆవిడ ఆ ఊరు ఎలా చేరిందో, కొడుకుతో మొదట ఏం చెప్పిందో ఏ రికార్డులోనూ ఉండదు. చర్చి పుస్తకంలో పేరూ తేదీ మాత్రమే రాస్తారు.

అక్కడ ఉన్నంతసేపూ మావారు మాట్లాడలేదు. ఇప్పుడు ముందు దాటేసిన విషయం చెప్పాలి.

2021 మే. మా అబ్బాయికి జ్వరం, టెస్టులో పాజిటివ్ అని వచ్చింది. మావారికి ఒళ్ళు నొప్పులు, టెస్టు ఇంకా కాలేదు. ఆ రాత్రే ఊరి నుంచి ఫోను, మా అత్తగారు పోయారని. ఆవిడకి 78 ఏళ్ళు, కరోనా కాదు, గుండె. ఈయన పెద్దకొడుకు. చొక్కా వేసుకుని కారు తాళాలు తీసుకున్నారు. నేను గేటుకి అడ్డంగా నిలబడ్డాను. "మీరు వెళ్తే ఆ ఊళ్ళో ఎంతమంది ముసలివాళ్ళున్నారో తెలుసు కదా" అన్నాను. ఇంకా ఏమేమన్నానో గుర్తు లేదు. ఆయన తాళాలు బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నారు. తలకొరివి మా మరిది పెట్టాడు. ఫోనులో చూశాం. మూడో రోజు ఈయనకీ పాజిటివ్ వచ్చింది.

నేను చెప్పింది సరైనదే అని తేలింది. తేలినా ఏం లాభం? ఈయన ఒక్కమాట అనలేదు, దెప్పలేదు. కానీ ప్రతి తద్దినానికీ విస్తరి ముందు కూర్చున్నప్పుడు నా వైపు చూడరు. నేనూ అడగలేదు. సరైన పని చేశాను కదా అని నాకు నేనే చెప్పుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

సాయంత్రం బస్సుకి స్టోనీ మిడిల్టన్ మీదుగా పోదామని ఊళ్ళోంచి చేల గుండా కిందికి బయల్దేరాం. దారి మధ్యలోనే ఉంది పొలిమేర రాయి. పెద్ద బండ, పైన గుంటలు. అందులో వెనిగర్ పోసి నాణేలు వేసేవారట. ఇప్పటికీ వచ్చినవాళ్ళు నాణేలు పెట్టి వెళ్తున్నారు. మావారు పర్సులో వెతికి అయిదు రూపాయల బిళ్ళ తీసి ఒక గుంటలో పెట్టారు. రాయి పక్కనే గడ్డిలో కూర్చున్నాం.

నాకు చదివినదంతా చెప్పే అలవాటు కదా, చెప్పుకుంటూ పోయాను. ఈ త్యాగం కథలో కొంత తర్వాతి కాలంవాళ్ళు కల్పించి పెంచారని చరిత్రకారులు కొందరు అంటున్నారనీ, చాలా ముచ్చట్లు 1842లో విలియం వుడ్ అనే స్థానికుడు రాసిన పుస్తకం వల్లే నిలిచాయనీ, డబ్బూ పరపతీ ఉన్నవాళ్ళు కట్టడికి ముందే కొందరు వెళ్ళిపోయారనీ, పోవడానికి చోటు లేనివాళ్ళే ఎక్కువగా మిగిలారనీ చెప్పాను. మాంపెసన్ తర్వాత వేరే ఊరికి గురువుగా వెళ్తే అక్కడివాళ్ళు ప్లేగు తెస్తాడేమోనని మొదట దగ్గరికి రానివ్వలేదనీ చెప్పాను.

ఆయన అంతా విని, "ఆ తల్లి, ఏడుగుర్ని పాతిపెట్టిన ఆవిడ, ఆవిడకి పారిపోవాలని అనిపించలేదంటావా?" అన్నారు.

"అనిపించే ఉంటుంది. రోజూ అనిపించి ఉంటుంది" అన్నాను.

కాసేపయ్యాక, "ఆ రాత్రి నువ్వు ఆపకపోయినా నేను పంతంగి టోలుగేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవాణ్ణేమో. ఊళ్ళో నారాయణ బాబాయి వాళ్ళంతా గుర్తొచ్చేవాళ్ళు" అన్నారు.

అది నిజమో, నా కోసం అన్నారో నేను అడగలేదు. "నేను అప్పుడు అన్న మాటల్లో కొన్ని అనకుండా ఉండాల్సింది" అన్నాను. "ఊఁ" అన్నారు. అంతే. లేచి, ఒంటికంటిన గడ్డి దులుపుకుని, రాయి దాటి కిందికి దిగి బస్సెక్కాం.

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అని బి.ఏ.లో పరీక్షలు రాశాను. ఈమ్ చూశాక ఒకటి అర్థమైంది. కదలకుండా ఉండటం కూడా చరిత్రే. కాకపోతే వెళ్ళినవాళ్ళ గురించి రాసినంతగా ఉండిపోయినవాళ్ళ గురించి రాయరు. వాళ్ళ పేర్లు ఇంటి ముందు పలకల మీదా, చేలోని రాళ్ళ మీదా వెతుక్కోవాలి. మన ఇళ్ళల్లో కూడా 2020, 2021లలో వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఆగిపోయినవాళ్ళున్నారు, ఆపినవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతి ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నామా అంటే, మేమైతే మాట్లాడుకోలేదు. ఇంగ్లండులో ఒక బండరాయి పక్కన కూర్చునేదాకా.

ఈమ్ వాళ్ళు మాత్రం ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ఆ లోయలోనే చేరి ప్రార్థన చేసుకుని, పోయినవాళ్ళని తలుచుకుంటారు.

మీరెవరైనా పిల్లల దగ్గరికి అటు వెళ్తే ఒక పూట ఆ ఊరికి కేటాయించండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, చేలల్లో బురద ఉంటుంది. పులిహోర కట్టుకెళ్ళండి, మేము అదే తిన్నాం. గేటు దాటాక మళ్ళీ వేసెయ్యడం మర్చిపోకండి.